కొజ్జా అనే ఖ్వాజా

కాజీపేటలో ఒకే మాట రెండు చోట్ల రెండు రకాలుగా వినపడుతుంది. హజ్రత్ సయ్యద్ షా అఫ్జల్ బియాబానీ దర్గాలో ఖవ్వాలీ సాగుతున్నప్పుడు అజ్మీరు ఖ్వాజా పేరు రాగానే ముసలివాళ్లు కళ్లు మూసుకుని తలలూపుతారు. అక్కణ్ణించి ఆటో ఎక్కి జంక్షన్‌కి పోతే, రైలు ఆగీ ఆగగానే బోగీ చివర చప్పట్లు మోగుతాయి. పై బెర్తు మీది పెద్దమనిషి దుప్పటి ముఖం మీదికి లాక్కుని గొణుగుతాడు: "కొజ్జోళ్లొచ్చిండ్రు."

అక్కడ తల ఊపించిందీ ఇక్కడ దుప్పటి కప్పించిందీ ఒకే మాట. పారసీలో 'ఖ్వాజా' అంటే ప్రభువు, యజమాని, పెద్దాయన. సూఫీ గురువులకు బిరుదయింది అదే. తుర్కుల దగ్గర 'హోజా' అయి పంతులుగారి స్థానంలో కూర్చుంది. మనం ముల్లా నసీరుద్దీన్ అని నవ్వుకునే మనిషిని వాళ్లు నస్రెద్దీన్ హోజా అంటారు. గుజరాత్ వైపు ఖోజాలనే వర్తక సమాజానికి పేరయింది. వరంగల్ వీధుల్లో ఖాజా మియాలకు లెక్కలేదు. తాపేశ్వరం కాజాతో మాత్రం వీళ్లకు చుట్టరికం కలపకండి. ఆ మిఠాయి సంస్కృతపు 'ఖాద్య' మనవడు, వేరే వంశం.

మరి ప్రభువు కాస్తా తిట్టుగా ఎలా మారాడు?

సుల్తానుల అంతఃపురాల్లో వృషణాలు తీసేసిన బానిసలు ఉండేవారు. జనానా తాళంచెవులు, రాజుగారి రహస్యాలు, ఒక్కోసారి ఖజానా కూడా వాళ్ల చేతుల్లోనే. అలాంటి వాణ్ణి మొహం మీద ఏమని పిలవాలి? పెద్దరికం ఇచ్చి 'ఖ్వాజా సరా' అన్నారు. సరా అంటే ఇల్లు, మహలు. బాటసారులు దిగే సరాయిలో ఉన్నదీ అదే. (సారాయి వేరు. అచ్చుతప్పు పడితే చరిత్రంతా తూలుతుంది.) ఇంటి పెద్ద అనే మర్యాదపేరు కొన్నాళ్లకు ఆ ఉద్యోగానికి పేరయింది, ఆ ఉద్యోగం చేసే దేహానికి పేరయింది. 'సరా' రాలిపోయింది. 'ఖ్వా' నోట్లో నలిగి 'ఖో' అయింది. తెలుగు నోటికి ఒత్తు బరువు గనక 'ఖో' 'కో' అయింది, ఆపైన పొట్టి 'కొ' అయింది. పోయిన దీర్ఘానికి బదులు జకారం రెట్టించింది. ఛందస్సు తెలిసినవాళ్లు గమనించే ఉంటారు: కోజాలో మొదటిది గురువే, కొజ్జాలోనూ మొదటిది గురువే. మానం పోయినా మాత్ర పోలేదు.

మర్యాదపేర్లకు ఈ పతనం కొత్త కాదు. అశోకుడు శిలల మీద చెక్కించుకున్న 'దేవానాంప్రియ' బిరుదుకు తర్వాతి సంస్కృతంలో మూర్ఖుడనే అర్థం పట్టింది. మన 'నంగనాచి'ని విప్పి చూడండి. తమిళంలో నంగై అంటే గౌరవనీయురాలైన స్త్రీ, నాచ్చి అంటే దొరసాని. రెండు దొరసానితనాలు కలిపితే తెలుగులో వచ్చింది ఏమీ ఎరగనట్టు నటించే మనిషి! మాటలకూ నిచ్చెనలు తక్కువ, పాములు ఎక్కువ.

ఓరుగల్లుకు ఈ ఖ్వాజాలతో పాత పరిచయం ఉంది. 1310లో అల్లావుద్దీన్ ఖిల్జీ పంపగా వచ్చి ఈ కోటను ముట్టడించి ప్రతాపరుద్రుణ్ణి కప్పానికి ఒప్పించిన సేనాని మాలిక్ కాఫూర్ అలాంటి బానిసే. గుజరాత్ దండయాత్రలో చిక్కినవాడు. వెయ్యి దీనారాల వెల పలికాడని 'హజార్‌దీనారీ' అనేవారు. మట్టికోట బయట అతని గుడారాలు వెలిసిన రోజున ఆ మాటను తిట్టుగా వాడే ధైర్యం ఊళ్లో ఎవరికీ ఉండి ఉండదు.

ఇక్కడే ఈ మాటలోని అసలు పొరపాటు బయటపడుతుంది. కాఫూర్‌కు జరిగింది కోత. అతన్ని ఎవరూ అడగలేదు. రైల్లో చప్పట్లు కొట్టే ఆవిడ కథ పూర్తిగా వేరు. ఆమె తనను తాను స్త్రీగా ఎరుగును. కొందరు శస్త్రచికిత్సకు వెళతారు, కొందరు వెళ్లరు. మొదటిది దేహానికి ఇంకొకరు చేసిన పని, రెండోది మనిషికి తన గురించి తనకున్న ఎరుక. ఈ రెంటినీ ఒకే సంచిలో వేసి మూతి కట్టాం, పైన కొజ్జా అని చీటీ అంటించాం. తప్పు చీటీ అంటిన సరుకును విప్పి చూసే ఓపిక ఎవరికుంటుంది?

అచ్చ తెలుగులో దీనికి పాత మాట 'పేడి'. గడ్డం రాని మొహాన్ని పేడిమూతి అని వెక్కిరించేవారు. దాయాది భాషల్లో వెతికితే కన్నడంలో 'హేడి' కనిపిస్తుంది. పకారం హకారం కావడం కన్నడానికి అలవాటే, మన పాలు వాళ్లకు హాలు. హేడి అంటే పిరికివాడు. మలయాళంలో 'పేడి' అంటే ఏకంగా భయమే, రోజూ వాడే మాట. పిరికితనాన్నీ ఆడతనాన్నీ ముడిపెట్టిన మగబుద్ధి ఒకటి ఈ మూడు భాషల అడుగున పడుకుని ఉంది. భయం ఎవరిదన్న సంగతి మాత్రం నిఘంటువులు చెప్పవు. దుప్పటి కప్పుకున్నది పై బెర్తు పెద్దమనిషి కదా!

ఇంకో జంట చూడండి. ఆడపిల్ల చెట్లెక్కి, గట్టిగా మాట్లాడి, అన్నదమ్ములతో సమంగా తిరిగితే 'మగరాయుడు' అంటాం. విసుగుతో అన్నా అందులో రాయుడున్నాడు, అంటే రాజున్నాడు. మగపిల్లవాడు ముగ్గు వేసినా, నడుము మీద చెయ్యి పెట్టుకున్నా 'ఆడంగి' అంటాం. అందులో రాణి లేదు. ఆడనుంచి మగ వైపు నడిస్తే పట్టాభిషేకం, మగనుంచి ఆడ వైపు నడిస్తే బహిష్కారం. దారి ఒకటే, దిక్కు మారితే సుంకం మారుతుంది.

ఓరుగల్లు వాళ్లం మేం ఈ మాట ఇంకొంచెం గట్టిగా చెప్పగలం. గణపతిదేవుడు తన కూతురికి రుద్రదేవుడని మగపేరు పెట్టి గద్దెకు సిద్ధం చేశాడు. శాసనాలు ఆమెను రుద్రదేవ మహారాజుగా పేర్కొన్నాయి. విద్యానాథుడు ప్రతాపరుద్రీయంలో ఆ పేరు పెట్టిన వైనం చెప్పాడు. రుద్రమ పరిపాలన కోసం పురుషనామం ధరించిన రాణి. ఆమెను నేటి మాటల్లోకి లాగడం నా ఉద్దేశం కాదు. కాని ఒక నగరం తన ఏలిక పేరులోని లింగం మారితే చెక్కుచెదరకుండా శాసనం చెక్కింది. అదే ఊళ్లో 2023 శాసనసభ ఎన్నికలప్పుడు వరంగల్ తూర్పు నుంచి బీఎస్పీ అభ్యర్థిగా చిత్రపు పుష్పిత లయ నిలబడితే, ఆమె ఏమి చేస్తానంటున్నదో అడగడానికి ముందు ఆమె పేరు ముందు 'ట్రాన్స్‌జెండర్' అన్న విశేషణం తగిలించడం అందరికీ అవసరమయింది. రుద్రమకు ఆ విశేషణం ఎవరూ తగిలించలేదు. ఎంతైనా ఆమె నడిచింది సుంకం లేని దిక్కుకు.

సుంకం అన్నది ఉత్త అలంకారం కాదు, చట్టంగానూ ఉండేది. నిజాం రాజ్యంలో ఫసలీ 1329లో 'యూనక్స్' చట్టం, అంటే కొజ్జాల చట్టం, ఒకటి వచ్చింది. ఫసల్ అంటే పంట, ఫసలీ అంటే పంటల లెక్క శకం. పహాణీలు తిరగేసినవాళ్లకు దానికి 590 కలపాలని తెలుసు. కలిపితే 1919. బ్రిటిష్ వాళ్ల 1871 నాటి నేరస్థ జాతుల చట్టంలో ఇలాంటి వాళ్ల మీద ఒక భాగమే ఉంది. ఇది దాని పోలికే. అనుమానం ఉన్న వాళ్ల పేర్లతో రిజిస్టరు పెట్టాలి. రిజిస్టరులో ఉన్న మనిషి చీరతోనో నగలతోనో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా పట్టుకోవచ్చు. రెండేళ్ల దాకా జైలు. ఆశ్చర్యం ఏమిటంటే నిజాం పోయాడు, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, తెలంగాణ వచ్చింది. చట్టం మాత్రం పేరు ముందు ప్రాంతం మార్చుకుంటూ బతికింది. 2014లో రాష్ట్రం వచ్చాక అది 'తెలంగాణ' చట్టమయింది! వైజయంతి వసంత మొగ్లి తదితరులు 2018లో హైకోర్టుకెక్కారు. 2023 జులైలో ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భూయాన్, జస్టిస్ సి.వి. భాస్కర్ రెడ్డిల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. నూట నాలుగేళ్ల పంట.

అదే నూట నాలుగేళ్లూ ఓరుగల్లు పక్కనున్న ఐనవోలులో ఏం జరుగుతున్నది? (ఐనవోలు చివరి 'వోలు', ఒంగోలు చివరి 'ఓలు' రెండూ 'ప్రోలు' పిల్లలే, ప్రోలు అంటే ఊరు.) సంక్రాంతికి మల్లన్న జాతర మొదలవుతుంది. పట్నాలు వేస్తారు, ఒగ్గు డోలు మోగుతుంది, బండారి చల్లుతారు. ఆ పసుపు మబ్బులోంచి శివసత్తులు వస్తారు. ఎక్కువమంది స్త్రీలు, కొందరు చీరకట్టిన మగవాళ్లు, కొందరు మనం రైల్లో చూసి తల తిప్పుకునే వాళ్లు. నెత్తిన బోనం, మొహం నిండా పసుపు, నుదుట అరచేయంత బొట్టు. పూనకం వచ్చి ఊగుతుంటే జనం కాళ్ల మీద నీళ్లు పోసి మొక్కుతారు. కోపంతో ఊగేవాణ్ణి 'శివాలెత్తుతున్నాడు' అంటామే, ఆ నుడికారం ఇలాంటి పూనకం చూసిన కళ్లలోంచి పుట్టిందే.

శివసత్తి అన్న మాటలో సత్తి ఎవరు? ఒక దారి 'సతి'కి పోతుంది: శివుడికి ఇచ్చిన పెళ్లాం. ఇంకో దారి 'శక్తి'కి పోతుంది. సంస్కృత శక్తి ప్రాకృతంలో నిక్షేపంగా సత్తి అవుతుంది. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా (జాతీయ న్యాయ సేవల ప్రాధికార సంస్థ) కేసు తీర్పులో ఈ సముదాయాలను వరసగా చెబుతూ వీళ్లను 'శివశక్తులు' అంది. కోర్టు సంస్కృతం వైపు, ఊరు ప్రాకృతం వైపు. నా మొగ్గు రెండో దారికే, కాని ఒట్టేసి చెప్పను. పెళ్లామా, బలమా అని తేల్చకుండా ఒకే మాటలో రెండూ ఉండనిచ్చిన పల్లె తెలివి నాకు నచ్చింది.

నచ్చనిది మరొకటి. జాతరలో కాళ్లు మొక్కినవాడే మర్నాడు రైల్లో దుప్పటి కప్పుకుంటాడు. నాటకాల్లో స్థానం నరసింహారావు సత్యభామ వేస్తే 1956లో పద్మశ్రీ ఇచ్చి నెత్తిన పెట్టుకున్న జాతి మనది. వేదిక దిగి అదే నడక వీధిలో నడిస్తే ఆడంగి. దేవుడి ముందరా దీపాల ముందరా చెల్లే చీర బజారులో చెల్లదు. ఈ సందర్భంలో అందరూ శిఖండి దగ్గరికీ బృహన్నల దగ్గరికీ వెళతారు. నేను వెళ్లను. వాళ్లిద్దరికీ ఇప్పటికే ఊపిరాడని పని.

ఇప్పుడు కొత్త మాటల సంగతి. 'హిజ్రా'ను చాలామంది అరబ్బీ హిజ్రత్‌తో, అంటే ఇల్లు విడిచి వెళ్లడంతో ముడిపెడతారు. అర్థం గుండెకు తగులుతుంది. వీళ్లలో ఇల్లు విడవనివాళ్లు, ఇల్లు విడవనివాళ్లంటే ఇల్లు తరమనివాళ్లు, అరుదు. కాని హిందూస్తానీలో ఆ మాట చివర పలికే నాలుక మడత శబ్దం అరబ్బీలో లేదు, ఈ నేల మీదిది. అందంగా ఉన్న వ్యుత్పత్తిని ఎప్పుడూ ఒకసారి గిల్లి చూడాలి. వాళ్ల లోపలి మాటలు వేరే. ఆడతీరు మగవాణ్ణి 'కోతి' అంటారు. మన చెట్టెక్కే కోతికీ దానికీ ఉచ్చారణ తప్ప సంబంధం లేదు, కాని తెలుగు విలేకరి తడబడటానికి అది చాలు. గురువు, చేలా అంటే శిష్యురాలు, జమాత్ అంటే కూటం, బధాయి అంటే దీవించి తీసుకునే కానుక. పురుషాంగం తొలగింపుకు వాళ్ల మాట 'నిర్వాణం'. బుద్ధుడు దీపం ఆరడాన్ని చెప్పిన మాట. ఆసుపత్రి కాగితం మీద రాసే ఏ పేరులోనూ ఆ వెలుతురు లేదు.

పత్రికలు 'లింగమార్పిడి' అంటున్నాయి. మార్పిడి అంటే ఒకటి ఇచ్చి ఒకటి తీసుకోవడం: నోట్ల మార్పిడి, గుండె మార్పిడి. అందులో బేరం వాసన ఉంది. మారినదేదో ఆసుపత్రిలో ఒక పూట మారిందన్న భ్రమ ఉంది. తమిళులు అదే నంగైని తీసుకుని ముందు 'తిరు' చేర్చి 'తిరునంగై' అన్నారు, ప్రభుత్వమూ వాడుతున్నది. మనం నంగకు నాచిని అంటగట్టి కూర్చున్నాం. చివరికి 'ట్రాన్స్‌జెండర్'ను తెచ్చుకున్నాం. అద్దె ఇల్లే అనుకోండి, తిట్టు మరకలు లేని గోడలు. 2011 జనాభా లెక్కల్లో అదీ లేదు, 'ఇతరులు' అన్న గడి ఒకటే: దేశంలో 4,87,803 మంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది. ఎవరికి ఇతరులు?

నిజానికి నేను ఈ చర్చ మొదలుపెట్టింది ఒక నామవాచకం కోసం, కాని తవ్వుతున్నకొద్దీ గునపం క్రియాపదానికి తగులుతున్నది.

పతంజలి మహాభాష్యంలో అసలు లింగం అంటే ఏమిటన్న ప్రశ్న వస్తుంది. స్తనాలూ కురులూ ఉంటే స్త్రీ, ఒంటినిండా రోమాలుంటే పురుషుడు, ఏదీ కాకపోతే నపుంసకం అని ఒక లెక్క. వెంటనే అభ్యంతరం: అలాగైతే ఆడవేషం వేసే నటుడున్నాడే, భ్రూకుంసుడు, అతని పేరుకు స్త్రీ ప్రత్యయం చేర్చాల్సి వస్తుంది కదా? మంచానికి సంస్కృతంలో ఉన్న 'ఖట్వా' అన్న మాట స్త్రీలింగం, దానికి కురులెక్కడివి? వాదం అటు తిరిగి ఇటు తిరిగి చివరికి లింగాన్ని శాస్త్రం నేర్పలేదు, లోకవ్యవహారమే దిక్కు అన్నచోట ఆగుతుంది. రెండువేల ఏళ్ల కిందటి వ్యాకర్త ఒంటిని తడిమి చూసి లాభం లేదని తేల్చి, జనం ఎలా పిలుస్తారో వినమన్నాడు.

జనం తెలుగులో ఎలా పిలుస్తారు? 1858లో అచ్చయిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి మగవాళ్ల పేర్లను మహత్తులన్నాడు, తక్కినవి అమహత్తులు. స్త్రీ పేర్లకు మహతి అని పేరిచ్చినా ఏకవచనంలో వాటి క్రియ అమహత్తుల పంక్తిలోనే. అందుకే బస్సు వచ్చింది, మేక వచ్చింది, అత్తమ్మ వచ్చింది. తమిళ, కన్నడ స్త్రీలకు తమదంటూ ఒక క్రియ ఉంది. మనవాళ్లకు లేదు.

కాని ఇదే తెలుగు ఇంకో పని చేసింది. 'నేను వచ్చాను'లో ఆడా మగా లేదు. హిందీలో మారిన మనిషి తన నోటితోనే 'ఆయా' మాని 'ఆయీ' అనడం నేర్చుకోవాలి. తెలుగామెకు ఆ పని లేదు. ఆమె 'నేను' మొదటి రోజూ చివరి రోజూ ఒకటే. 'నువ్వు వచ్చావు'లోనూ లేదు. 'మీరు వచ్చారు', 'వారు వచ్చారు', 'అండీ', వీటిలోనూ లేదు. గౌరవం వచ్చిందంటే తెలుగు క్రియలోంచి లింగం లేచి వెళ్లిపోతుంది. అది మిగిలేది చనువు ఉన్నచోట, చులకన ఉన్నచోట: వచ్చిండు, వచ్చింది, ఏందిరా, ఏందే. అంటే మన భాషలో లింగం మనిషి నోట్లో లేదు, ఎదుటివాడి నోట్లో ఉంది. 2014 తీర్పు తన లింగమేదో తానే చెప్పుకునే హక్కు మనిషికి ఉందన్నది. బాగుంది. కాని తెలుగులో ఆ 'నేను'కు చెప్పుకునే ప్రత్యయమే లేదు. పక్కవాడు అనాలి.

హన్మకొండలో మా ఇంటి జాకెట్లు కుట్టే ఆమె ఒకరున్నారు. పాత పేరు నాకు తెలుసు, ఇక్కడ అక్కర్లేదు. మొదట్లో ఆమె గురించి ఇంట్లో చెప్పాల్సివస్తే నేను క్రియ మింగేసేవాణ్ణి. "కుట్టడం అయిందట," "రేపు ఇవ్వడం జరుగుతుందట" అని ప్రభుత్వ సర్క్యులర్‌లా మాట్లాడేవాణ్ణి. మా ఆవిడే ఒకనాడు, "గట్ల మాట్లాడుడేంది, పిల్ల రేపు ఇస్తదట అనరాదా?" అని తేల్చేసింది.

ఆమె తల్లిది ఇంకా చిత్రం. కొడుకు చీర కట్టుకుని ఇంటికొచ్చిన నాటినుంచి నాలుగేళ్లు ఆ తల్లి బహువచనం వెనక దాక్కుంది. "అన్నం తిన్నరా?" "ఇంక రాలేదు, వస్తరు." కన్నబిడ్డకు మర్యాద! వాడకట్టు నవ్వేది. ఓరుగల్లు తల్లి నోట 'మా బిడ్డ' అంటే మామూలుగా కూతురే. ఆ మాట గొంతుదాకా వచ్చి వెనక్కి పోయేదట. బయట అందరూ మీరు అంటే పొంగిపోయే ఆమెకు ఇంట్లో ఆ 'మీరు' ముల్లులా గుచ్చుకునేదట.

కిందటి దసరా ముందు పని ఎక్కువై ఆమె ఇల్లు చేరేసరికి రాత్రి పదకొండయింది. ఫోను చార్జింగు లేదు. గేటు దగ్గరికొచ్చేసరికి లోపల తల్లి పక్కింటామెతో కేకలేస్తున్నది: "ఏడ సచ్చిందో ఏమో! పొద్దువోయి ఎంతసేపాయె, ఇంకా రాకపాయె. రానీ దాన్ని, కాళ్లిరగ్గొడ్త!"

గేటు గొళ్లెం మీద చెయ్యి అలాగే ఉంచి, చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా ఇంకాసేపు అక్కడే నిలబడిందట.